పక్కవారి పని

వేణుగిరి రాజ్యంలో కొండమీది చెట్లు నరికేయడంతో మట్టి జారి కాలువ పూడింది. మిగిలిన కాస్త నీటికీ కొత్త బాట అడ్డుపడింది. ఊరికి నీరు పంచే పోలయ్య కళ్ళముందే నారుమళ్ళు ఎండిపోతున్నాయి. అడవుల, కాలువల, బాటల అధికారులు మాత్రం ఒకరి గడప ఒకరు తొక్కరు. రాజు విసిగి ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టి, మాట కలిపే బాధ్యత పోలయ్యకే అప్పగించాడు.

"అయ్యలారా, తమ పని సంగతి నేనడగను. పక్కవారు ఏం చేయాలో, ఎన్నాళ్ళలో చేయాలో సెలవివ్వండి," అన్నాడు పోలయ్య.

ముగ్గురి ముఖాలూ వికసించాయి.

"కాలువ పూడిక మూడు రోజుల్లో తీయాలి," అన్నాడు అడవుల అధికారి.

"బాట కింద తూము రెండు రోజుల్లో పెట్టాలి," అన్నాడు కాలువల అధికారి.

"కొండమీద గొడ్డళ్ళు ఈ పూటే ఆగాలి, రేపే మొక్కలు నాటాలి," అన్నాడు బాటల అధికారి.

పోలయ్య ఆ మాటలన్నీ ఒక పత్రం మీద రాయించాడు. ఎవరి మాట కింద వారు ఉత్సాహంగా ముద్ర వేశారు. పోలయ్య ఆ పత్రాన్ని పైకి చదివించాడు.

"రెండు రోజుల్లో తూమా? అయ్యే పనేనా?" అన్నాడు బాటల అధికారి.

"తమరు కాదంటే ఆ ఇద్దరూ కాదంటారు బాబూ. గడువు పెట్టడమే గానీ పాటించడం ఎవరికీ రాదని ప్రభువుకు మనవి చేయమంటారా?" అన్నాడు పోలయ్య.

ముగ్గురూ ఆ పూటే తమ మనుషులను పనిలోకి దింపారు. నాలుగో రోజున నారుమళ్ళలోకి నీరు పారింది.

"వీరిని ఎలా ఒప్పించావయ్యా?" అని రాజు అడిగాడు.

"నేనేమీ ఒప్పించలేదు ప్రభూ. ఎవరి పని వారిని అడిగితే వచ్చే ఏడు చూద్దామనేవారు. పక్కవారి పని అడిగాను, ఈ పూటే కావాలన్నారు."