పొగిడిన పాలు

"మాస్టారూ, ఇంత కాపలా కాశాక కూడా దొంగ పడితే ఎవరిని అనుమానించాలి?" అని చిదంబరం అడిగాడు.

అడిగింది జోగారావు మాస్టారిని. ఆయన నలభై ఏళ్లు ఒక బీరు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాక, ఇంట్లో బీరు కాచుకోవాలని సరదా పడేవారికి తన పెరటి వసారాలో పాఠం చెప్పేవారు. సర్కారు అనుమతి కాగితం లేనివారిని వసారా మెట్టు ఎక్కనిచ్చేవారు కాదు. ఉన్నవారి కాగితాన్ని కూడా వెలుతురుకు పట్టి చూసేవారు. కడిగిన గిన్నెను వాసన చూసి మళ్లీ కడగడం ఆయన అలవాటు.

ఈ పని తెలియనివారికి కొంచెం చెప్పాలి. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని నలగ్గొట్టి వేడినీళ్లలో నానబెడితే తియ్యటి రసం దిగుతుంది. దాన్ని చేదు పువ్వులతో గంటసేపు మరిగిస్తారు. మరిగినంతసేపూ ఏ భయమూ లేదు. భయమంతా చల్లారాకనే. అప్పుడు అందులో ఈస్టు వేసి మూత బిగిస్తారు. ఆ ఈస్టే తీపిని తిని బీరు చేస్తుంది. కాని తీపి మీద ఆశ ఒక్క ఈస్టుకేనా? గరిటెకు అంటుకున్నదీ, గోటి సందున దాగినదీ, గాలిలో తేలేదీ, అన్నీ పిలవకుండానే విందుకు వస్తాయి. అందుకే మాస్టారి మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే. "చల్లారిన తరువాత దాన్ని తాకే ప్రతిదాన్నీ దొంగను చూసినట్టు చూడు."

చిదంబరం కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. ఈ పాఠం అతనికి బాగా ఒంటబట్టింది. కాస్త ఎక్కువగానే ఒంటబట్టింది.

"నీ అనుమానం ఎవరి మీదో ముందే తేల్చుకుని వచ్చినట్టున్నావే" అన్నారు మాస్టారు.

"మా గున్నమ్మ మీదండీ."

గున్నమ్మ అతని ఇంట్లో తొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు పోతే ఇల్లు ఆమె చేతిలోనే ఉండేది. తాళంచెవి ఆమె కొంగున ఉండేది. ఎండాకాలం కనుక బీరు పోసిన పెద్ద గాజు జాడీకి తడి గోనె చుట్టి, పూటకోసారి దాన్ని తడిపే పని ఆమెకే అప్పజెప్పాడు. మూడోరోజు గోనె జారి, లోపల తెల్లగా ఎగసిన నురగ ఆమె కంటబడింది. "ఏటి బాబూ, పాల పొంగునాగ ఎంత సక్కగుందో" అంది.

ఆమె అన్నది అంతే. ఆ మాట చిదంబరం గుండెలో ముల్లై దిగింది. రెండు వారాలకు మూత తీసి చుక్క నోట్లో వేసుకుంటే, నిలవ మజ్జిగలా పుల్లగా ఉంది.

"దిష్టి తగిలిందండీ. తాళంచెవి తీసేసుకున్నాను. ఒకటో తారీఖు నుంచి రావద్దని చెప్పేశాను."

"నువ్వు లెక్కల మాస్టారివి కదయ్యా."

"లెక్కకు అందనివీ కొన్ని ఉంటాయి కదండీ."

మాస్టారు వాదించలేదు. "జాడీ పారబొయ్యకు. రేపు పొద్దున నేనే వస్తాను" అన్నారు.

మర్నాడు ఎనిమిదింటికల్లా వచ్చారు. గున్నమ్మ వంటింటి గడప దగ్గర బియ్యం ఏరుతోంది. పాఠాలు మొదలుపెట్టిన ఈ పదిహేనేళ్లలో ఏ శిష్యుడింట్లోనూ కూర్చోనట్టే ఇక్కడా కూర్చోకుండా, మాస్టారు జాడీలోని బీరును నెమ్మదిగా బకెట్లోకి వంచారు. అడుగున తెల్లటి మడ్డి మిగిలింది. ఆ మడ్డిలో ఏదో పచ్చగా కనిపించింది. గరిటెతో పైకి తీశారు. పచ్చిమిరపకాయ. తొడిమతో సహా ఉంది. దానికి నల్లదారం ముక్క కూడా ఉంది.

"ఇది ఎవరు వేశారు?"

బియ్యం ఏరే చెయ్యి ఆగింది. చిదంబరం గున్నమ్మ వైపు చూశాడు. ఆ క్షణంలో ఆమె పేరు చెబితే నమ్మనివాళ్లు ఎవరూ లేరు. గోనె తడిపింది ఆమే, ఇంట్లో ఒంటరిగా ఉన్నదీ ఆమే. అతని నోరు తెరుచుకుంది, మళ్లీ మూసుకుంది.

"నేనేనండీ" అన్నాడు చివరికి. "ఆమె ఆ మాట అన్న సాయంత్రం మూత తీసి, దాని లోపలివైపు మిరపకాయలు, నిమ్మకాయ దండ కట్టాను. బయట కడితే మీరు చూసి నవ్వుతారని. బీరు పులిశాక తీసేశాను గాని, ఒకటి జారి పడినట్టుంది."

"చెయ్యి కడుక్కునే కట్టావా?"

"సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నానండీ."

"మరి మిరపకాయని?"

మాస్టారు గడప వైపు తిరిగారు. "గున్నమ్మా, ఇంట్లో తోడుకు చుక్క పెరుగు లేకపోతే ఏం చేస్తావమ్మా?"

"ఏటి సేత్తాం బాబూ. గోరెచ్చని పాలల్లో నాలుగు మిరపకాయ తొడిమలేసి, మూతెట్టి ఒగ్గీత్తాం. సాయంత్రానికి తోడుకుంటాది."

"పెరుగు వేరు, బీరు వేరు కదండీ" అన్నాడు చిదంబరం. "తొడిమ సంగతి సరే, దిష్టి తగల్లేదని ఎలా చెప్పగలం?"

మాస్టారు దానికీ వాదించలేదు. కాచిన పాలు గోరువెచ్చగా రెండు గ్లాసుల్లో పోయించారు. ఒకదానిలో నాలుగు మిరపకాయ తొడిమలు వేసి, గున్నమ్మ కంటబడకుండా మూతపెట్టి దేవుడి గూట్లో ఉంచారు. రెండోదాన్ని మాత్రం ఆమె ముందు పెట్టారు.

"ఈ పాలను చూసి పొగడమ్మా. మొహమాటపడకు."

గున్నమ్మ ముందు చిదంబరాన్ని చూసింది, తరువాత గ్లాసును. ఈ పెద్దాయన ఎందుకు వచ్చాడో, ఏ తప్పు తన మీద మోపబోతున్నాడోనని ఆమె అనుమానం ఆమెకుంది. అయినా కొంగు దోపుకుని ముందుకు జరిగింది.

"పాలంటే ఇయ్యే పాలు. ఎన్నెలనాగున్నాయి. ఈ మీగడ సూసినారా, పెద్ద జమిందారు ఇంట్లో కూడా ఉండదు." ఊపిరి తీసుకుని మళ్లీ అంది. "సాలా బాబూ, ఇంకా పొగడాలా? ఇయ్యి గాని ఇరిగిపోతే నాను ఒకటో తారీకు దాకా ఆగక్కర్నేదు గదా. ఇప్పుడే ఎల్లిపోతాను."

చిదంబరం తల దించుకున్నాడు. మాస్టారు ఆ గ్లాసుకూ మూతపెట్టి, దేవుడి గూట్లోనే మొదటిదాని పక్కన ఉంచి, వాకిట్లో కుర్చీ వేయించుకున్నారు. పగలంతా అక్కడే ఉన్నారు. భోజనానికి లేచినప్పుడు కూడా గూడు కనిపించేలా కూర్చున్నారు. ఆయన ఎవరిని కాపలా కాస్తున్నారో ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

సాయంత్రం ఆరింటికి మూతలు తీశారు. పొగిడిన పాలు పాలుగానే ఉన్నాయి. గున్నమ్మ ఎవరినీ అడక్కుండా ఆ గ్లాసు పుచ్చుకుని, పొయ్యి మీద వెచ్చబెట్టుకుని తాగేసింది. తొడిమలు వేసిన గ్లాసును మాస్టారు బోర్లించి పట్టుకున్నారు. పెరుగు కదల్లేదు. ఒక స్పూను పెరుగు, ఒక స్పూను పాడైన బీరు, ఒకదాని తరువాత ఒకటి చిదంబరం నోటికి అందించారు. అతను చాలాసేపు నాలుక చప్పరిస్తూ నిలబడ్డాడు. ఆ రెంటిలోనూ ఉన్న పులుపు ఒక్కటేనని వేరే చెప్పనక్కరలేకపోయింది.

"అయితే దొంగను నేనే పిలిచి కాపలా పెట్టానన్నమాట" అన్నాడు మెల్లగా.

మాస్టారు చెప్పులు వెతుక్కుంటున్నారు.

చిదంబరానికి ఉత్సాహం వచ్చింది. చొక్కా చేతులు పైకి మడిచి, జాడీని రెండు చేతులా ఎత్తాడు. "మాస్టారూ, దీన్ని ఇప్పుడే మరిగే నీళ్లతో మూడుసార్లు కడిగేస్తాను. రేపే మళ్లీ మొదలుపెడతాను" అన్నాడు. వంగినప్పుడు అతని చొక్కా జేబులో తాళంచెవి గాజుకు తగిలి చప్పుడైంది. వంటింట్లో గ్లాసు కడుగుతున్న గున్నమ్మ ఆ చప్పుడు విని కూడా తల తిప్పలేదు.

మాస్టారు గుమ్మంలోనే ఆగారు.

"జాడీ కింద పెట్టు నాయనా. ముందు ఆ తాళంచెవి ఎవరిదో వాళ్లకి ఇచ్చిరా. చేతులు శుభ్రం కాకుండా గిన్నె ముట్టుకోకూడదని మొదటిరోజే చెప్పాను కదా."