చందిక పూసిన గచ్చు

అనగనగా ఒక సముద్ర తీరం. ఆ తీరాన ఒక బౌద్ధాలయం. బంగారు శిఖరాలు, పాలరాతి ఏనుగులు, స్తంభం స్తంభానికీ చెక్కిన తామరలు. నడిసంద్రంలో పోయే ఓడలకు కూడా అది తళతళలాడుతూ కనబడేదట.

ఆ ఆలయానికి గచ్చు పూసేది చందిక. ఆమె చేయి పడితే గోడ అద్దమయ్యేది.

వైశాఖ పున్నమికి రాజుగారు నగరవాసులతో కలిసి బుద్ధ దర్శనానికి రానున్నారు. ఇంకా నాలుగు రోజులుందనగా, ఉప్పుగాలికి నానిన సింహద్వారపు కమానులో చందికకు ఒక పగులు కనిపించింది. వేలు పెడితే వేలు దూరింది.

పోయి ఆలయ నిర్మాణం చూసే స్థపతికి చెప్పింది. పండుగ ముందు అపశకునపు మాటలు వద్దని, గచ్చు పూసి మూసెయ్యమని ఆయన కసిరాడు. చందిక తల వంచుకుని పూసేసింది.

ఇంటికి వెళ్లిందే గాని మనసంతా ఆ పగులు మీదే ఉంది. మర్నాడు ఆలయాధికారితో మొరపెట్టుకుంది. ఆయన వచ్చి చూశాడు. కమాను వెన్నముద్దలా ఉంది. పగులేదీ అని నవ్వి వెళ్లిపోయాడు. ఆమె పనితనమే ఆమె నోరు నొక్కింది.

పున్నమి రానే వచ్చింది. మేళతాళాలతో ఊరేగింపు కదిలింది. ముందు తామర మొగ్గలు పట్టుకున్న పిల్లలు, వెనక రాజుగారు. చెబితే తన పని పోతుంది, పరువూ పోతుంది. చందిక ఆ పిల్లల వంక చూసింది. ఇక ఆగలేకపోయింది. పరుగున వెళ్లి ద్వారానికి అడ్డంగా నిలబడింది.

"మహారాజా, ఈ కమాను పగిలింది. అది కనబడకుండా పూసిన పాపం నాదే" అంది.

అబద్ధమన్నాడు స్థపతి. చందిక నిచ్చెన ఎక్కి, తను పూసిన గచ్చును తానే తాపీతో గీకేసింది. లోపల పగులు నల్లగా నోరు తెరుచుకుని ఉంది. ఇప్పుడు అందులో అరచేయే దూరింది.

రాజు అందరినీ తూర్పు వాకిలికి మళ్లించాడు. పిల్లలు బుద్ధుని పాదాల చెంత మొగ్గలు ఉంచుతుండగా పెళపెళమని చప్పుడైంది. కమాను కూలింది. కింద ఒక్క ప్రాణి లేదు.

తల్లులు పిల్లల్ని తడిమి తడిమి చూసుకున్నారు. చందిక ఉన్నచోటనే చతికిలబడి, నాలుగు రోజుల తరవాత గుండె నిండా ఊపిరి పీల్చుకుంది.

రాజు స్థపతిని పనిలోంచి తప్పించాడు. చందికతో, "తల్లీ, తప్పు దాచిన చేత్తోనే దాన్ని బయటపెట్టావు. ఇకమీదట నువ్వు చూసి సరేనంటేనే ఇక్కడ రాయి మీద రాయి పడుతుంది" అన్నాడు.

పూత పూసి దాచిన తప్పు లోలోపల పెరుగుతుంది. ఒప్పుకున్న తప్పు పదిమందిని కాపాడుతుంది.