యుగంధర్ గది

ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు అనంతరామయ్యగారు. వంతెనల నమూనాలు గీసే ఆ ఆఫీసులో అందరికంటే పెద్ద ఇంజనీరు ఆయనే. మధ్యాహ్నం భోజనాలయ్యాక పావుగంట వేదాంతం చెబుతారు గనక చిన్నా పెద్దా అందరికీ గురువుగారే. శిష్యుల్లో యుగంధర్‌కి పట్టుదల ఎక్కువ. ఒకరోజు పెరుగన్నం ముగించి వచ్చి, చేతులు కట్టుకుని మరీ అడిగేశాడు.

“గురువుగారూ, పురాణ వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అందరికీ వస్తాయి, పోతాయి. నిలిచే వైరాగ్యం ఎలా వస్తుందండీ?”

“రేపు పదింటికి నీ గదిలో మాట్లాడుకుందాం,” అన్నారాయన.

నీ గది అన్నది వేళాకోళమే. ఆఫీసు మొత్తానికీ ఉన్న ఒక్కగానొక్క మీటింగు రూము అది. యుగంధర్‌కి వారానికి ఉండేది రెండు మీటింగులు. బుకింగు మాత్రం రోజూ పది నుంచి పన్నెండు దాకా, మూడు నెలలకు సరిపడా! బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసే రకం. లోపల బోర్డు మీద ఎప్పుడో తను గీసిన బొమ్మ, దాని కింద ‘చెరపరాదు’ అని పెద్దక్షరాలు. అయినా మనిషి మంచివాడే సుమండీ.

మర్నాడు పన్నెండు కుర్చీల గదిలో ఇద్దరే కూర్చున్నారు. గురువుగారు గొంతు సవరించుకున్నారో లేదో, అద్దాల తలుపు బయట ఆ ఆఫీసులోనే ఇంజనీరు నూర్జహాన్ కనిపించింది. చంకలో చుట్టిన కాగితాలు, వెనక ఆమె కింద పనిచేసే ముగ్గురు. ఆగింది, తలుపు మీది బుకింగు చీటీలో యుగంధర్ పేరు చూసింది, వెళ్ళిపోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది.

“ఆవిడకేం కావాలో కనుక్కునిరా,” అన్నారు గురువుగారు.

“పన్నెండు దాకా మనదేనండీ, బుక్ చేశాను.”

ఆయన చూపు తలుపు మీదే ఉంది. యుగంధరే లేచి తలుపు తీశాడు.

“అబ్బే, ఏం లేదండీ,” అంది నూర్జహాన్. “పదీ పావుకి రైల్వేవాళ్ళు వీడియోలో మా వంతెన చూస్తారు. ఇవాళ ఒప్పుకోకపోతే పని ఇంకొకరికి పోతుంది. గది మీ పేరున ఉందిగా, మేం మెట్ల దగ్గర కూర్చుంటాంలెండి.”

మెట్ల దగ్గర నెట్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. అక్కడా ఆర్నెల్ల కష్టం తేలేది! యుగంధర్ తలుపు పట్టుకునే లెక్కలేసుకున్నాడు. ఇవాళ ఇస్తే రేపూ అడుగుతారు. పైగా ఇన్నాళ్ళుగా ఎదురుచూసిన జవాబు గురువుగారి నోటిదాకా వచ్చి ఆగింది. కానీ ఆమె మొహం చూశాక మనసు ఒప్పుకోలేదు.

“మెట్లేమిటమ్మా, రండి లోపలికి!” అన్నాడు.

వాళ్ళు గబగబా సర్దుకున్నారు. నూర్జహాన్ మాత్రం బోర్డు దగ్గర ‘చెరపరాదు’ని చూస్తూ నిలబడిపోయింది. డస్టరు ఎక్కడుందో ఏమో, యుగంధర్ అరచేత్తోనే బోర్డంతా రుద్దిరుద్ది తుడిచేశాడు.

గురుశిష్యులిద్దరూ బయట నిలబడ్డారు. ముప్పావుగంటకి లోపల చప్పట్లు మోగాయి. నూర్జహాన్ తలుపు తీసి, “ఒప్పుకున్నారండీ!” అని కేక పెట్టినంత పనిచేసింది. యుగంధర్‌కి తన పనే నెగ్గినంత సంతోషం వేసింది. ఎవరూ చెప్పకుండానే ఫోను తీసి, మీటింగులు లేని రోజుల బుకింగులన్నిటినీ ఒక్కొక్కటే వదిలేశాడు. వదిలినకొద్దీ ప్రాణం తేలికపడింది.

అప్పుడు గుర్తొచ్చింది. “అయ్యో గురువుగారూ, మీ జవాబు మొదలవకుండానే ఆగిపోయిందే! వైరాగ్యం సంగతి...”

అనంతరామయ్యగారు నవ్వారు.

“అది నిన్నటి ప్రశ్న నాయనా. ఇంకోటి అడుగు.”