పద్నాలుగో అడుగు

"సామీ, తప్పు అడుగు వేసేవాణ్ణి సరిదిద్దకపోతే ఇంక గురువెందుకు?"

ఈ మాట అడిగింది బయటివాడెవరో కాదు. పాలవంక చెక్కభజన గురువు కదిరప్పగారి దగ్గర తొమ్మిదేండ్లుగా గజ్జె కడుతున్న పెద్ద శిష్యుడు ఆదిశేషు. వృత్తికి దర్జీ. పావు అంగుళం తేడా వచ్చినా కుట్టంతా ఊడదీసి మళ్లీ కుట్టే మనిషి. పొగరుతో అడిగిన ప్రశ్న కూడా కాదు. రాములవారి కల్యాణం ఇంకో నెలలో ఉంది, ఊరంతా చూస్తుంది, గురువుగారి పేరు చెడుతుందేమోనని అతని దిగులు.

కదిరప్పగారికి ప్రశ్నకు నోటితో జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరేమడిగినా "గజ్జె కట్టుకో పో" అంటారు. ఆ సాయంత్రమూ అదే అన్నారు.

ఇంతకూ ఆ తప్పు అడుగు ఎవరిదో చెప్పాలి గదా. కుళ్లాయప్పది. ఇరవై రెండేండ్లు లారీ తోలినవాడు. కిందటి శ్రావణంలో, తెల్లవారి తుంపర పడుతున్న వేళ, తప్పించుకుపోయిన మేకపిల్ల వెంట ఒక ముసలాయన రోడ్డుకు అడ్డం వచ్చాడు. కుళ్లాయప్ప బ్రేకు తొక్కాడు. లారీ ఆగింది. కానీ ఆ ముసలాయన్ను దాటి, నాలుగు బారల అవతల ఆగింది.

తప్పు డ్రైవరుది కాదని పోలీసులు రాశారు. పోయినాయన కొడుకులే వచ్చి "నువ్వేం చేస్తావులే అన్నా" అని చేయి పట్టుకుని చెప్పి వెళ్లారు. ఊళ్లో పెద్దలు కర్మ గురించి చెప్పారు, తెలిసినవాళ్లు భగవంతుడి లీల గురించి చెప్పారు. నాయనలారా, ఎన్ని మాటలు చెప్పినా అవి ఆయన చెవి దాకా పోయాయేగానీ లోపలికి దిగలేదు. మనిషి మంచం పట్టాడు. నోరు విప్పడం మానేశాడు.

భార్య సుంకమ్మ ఆయన్ను పట్నం ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి, "మాట తరవాత వస్తుందిలేమ్మా. ముందు ఒళ్లు కదలనీ. పదిమందితో కలిసి కదిలే పని ఏదన్నా ఉంటే చూడు" అంది. పాలవంకలో పదిమంది కలిసి కదిలే పని ఒకటే ఉంది. మర్నాడే సుంకమ్మ మొగుణ్ణి చేయి పట్టి భజన మందిరానికి నడిపించుకొచ్చింది.

"సామీ, ఈయన పాడడు. మాట్లాడడు. కాళ్లు మాత్రం ఉండాయి. ఆ కాళ్లకేమన్నా పని చెప్పండి."

"కాళ్లుంటే చాలు తల్లీ" అన్నారు కదిరప్పగారు. కుళ్లాయప్ప చేతికి చెక్కలిచ్చి, పన్నెండో మనిషిగా వలయంలో నిలబెట్టారు.

రాముడి దయ, కుళ్లాయప్ప తొందరగానే పట్టుకున్నాడు. చుట్టుకు పదహారు అడుగులు. పదమూడు దాకా అందరితో సమానంగా వేస్తాడు. పద్నాలుగో అడుగు తేలిగ్గా నేలకు తాకించి ముందుకు జరగాలి. అక్కడికి వచ్చేసరికి ఆయన కుడికాలు ధనామని పడుతుంది, పడి అక్కడే ఉండిపోతుంది. వెనకవాడు వచ్చి వీపుకు గుద్దుకుంటాడు. వలయమంతా చిందరవందర.

"ఏం కుళ్లాయన్నా, తేలును తొక్కుతాండావా?" అని ఒకడు.

"తేలెప్పుడో చచ్చింది, ఇంక కాలెత్తన్నా!" అని ఇంకొకడు.

ఆయన నవ్వడు, నొచ్చుకోడు. మళ్లీ చుట్టు, మళ్లీ అదే తొక్కుడు.

ఆదిశేషు ఒకసారి ఓర్పు పట్టలేక, "నువ్వు నాలుగు రోజులు పక్కన కూచోని చూడన్నా" అన్నాడు. కుళ్లాయప్ప చెక్కలు కింద పెట్టి వెళ్లిపోయాడు. మూడు రోజులు రాలేదు. మంచమెక్కాడని, ముద్ద ముట్టడం లేదని సుంకమ్మ వచ్చి ఏడిస్తే, కదిరప్పగారే పోయి పిలుచుకొచ్చారు. ఆదిశేషు ఆ ప్రశ్న అడిగింది ఆ సాయంత్రమే.

భజన మొదలైంది. గురువుగారు తాళాలు వాయిస్తూ ఆదిశేషును దగ్గరికి పిలిచి, "శేషూ, చెవి మూసుకో. ఊరికే ఆ కాలు చూడు" అన్నారు.

ఆదిశేషు చూశాడు. మొదటి చుట్టులో ఏమీ కనిపించలేదు. రెండో చుట్టులో కనిపించింది. అది భజనలో వేసే తొక్కుడు కాదు. మడమ నేల మీద ఆనించి, ముందరి పాదంతో అదిమి పట్టి, మోకాలు బిగించి, ఉన్న బలమంతా కిందికి దించుతున్నాడు. కళ్లు ఎదురుగా ఎక్కడో నాలుగు బారల దూరాన నిలిచిపోయాయి.

అది బ్రేకు తొక్కే కాలని ఆదిశేషుకు తట్టింది. నాలుగు రోజుల కిందట తాను ఎవరితో ఏమన్నాడో అప్పటికి తెలిసింది.

"ఇప్పుడు సరిదిద్దుతావా?" అన్నారు గురువుగారు.

అతను తల అడ్డంగా ఊపాడు. కదిరప్పగారు తాళాలు ఆపి అందరికీ వినపడేట్టు చెప్పారు. "అప్పా, పద్నాలుగో అడుగు మారింది. ఇంక అందరూ కుడికాలు తొక్కండి. అదిమి పట్టి, ఒక లెక్క ఆగండి. కుళ్లాయప్పను చూసి వేయండి."

ఆదిశేషు పోయి వలయంలో తన చోట నిలబడ్డాడు. మొదటిసారి పన్నెండు కాళ్లు ఒక్కటిగా పడ్డాయి. మందిరం బండలు అదిరాయి. ఎవరూ ఎవరికీ గుద్దుకోలేదు. కుళ్లాయప్ప ఆగిపోయి తన చుట్టూ చూశాడు. ఇటు ఆదిశేషు కాలు, అటు తేలని ఎగతాళి చేసినవాడి కాలు, అన్నీ తన కాలులాగే నేలను పట్టుకుని ఉన్నాయి. ఏడు నెలల తరవాత ఆయన నోట మాట వచ్చింది.

"ఆగలేదప్పా" అన్నాడు. "తొక్కితి. ఆగలేదు."

అని నిలబడినచోటే ఏడ్చాడు. ఆదిశేషు ఆయన భుజం మీద చేయి వేశాడు. ఒక్కరూ ఓదార్పు మాట చెప్పలేదు. కాసేపటికి గురువుగారు, "మళ్లీ మొదట్నుంచి వేద్దామా?" అన్నారు. వేశారు.

ఆ నెల రోజులూ అదే అడుగు. కుళ్లాయప్ప మాత్రలు మింగుతూనే ఉన్నాడు, భజనకు వస్తూనే ఉన్నాడు. అన్నం తినసాగాడు. ఒకరోజు సుంకమ్మను కూరలో ఉప్పు లేదని విసుక్కున్నాడట. ఆ సంగతి ఆమె వీధంతా తిరిగి, పండగ కబురు చెప్పినట్టు చెప్పుకుంది.

కల్యాణం రోజు వచ్చింది. పందిట్లో జనం. మొదటి పాటకు పన్నెండు కాళ్లూ పడ్డాయి, జనం కేకలు వేశారు. మూడో పాట జోరందుకుంది. పద్నాలుగో అడుగు దగ్గర అందరూ తొక్కారు, ఆగారు. ఒక్క కుళ్లాయప్ప కాలు మాత్రం నేలకు అలా తాకి ముందుకు పోయింది. పోయి ముందున్నవాడి వీపుకు గుద్దుకున్నాడు. "కదలప్పా ముందుకు!" అన్నాడు నవ్వుతూ. ఆ తరవాతి చుట్టూ అంతే, ఆ తరవాతిదీ అంతే.

పాట ముగిసీ ముగియకముందే ఆదిశేషు చెమటలు కక్కుతూ గురువుగారి దగ్గరికి పరుగెత్తాడు.

"సామీ, ఆయన మళ్లీ తప్పినాడు! మేం పదకొండు మందీ తొక్కితిమి. ఆయనొక్కడే తొక్కల్యా!"

కదిరప్పగారు పందిరి అవతలికి చూశారు. అక్కడ కుళ్లాయప్ప పానకం గ్లాసు పట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

"అట్లనా?" అన్నారు. "అయితే ఇంక మనమూ కాలు తీసేయొచ్చులే."