తల్లి తూకానికి తెచ్చిన బెల్లం

శిష్యులు ప్రశ్న వేస్తే గురువుగారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ఎదురుగా ఏదో పని కనబడేది, ముందు అది చెయ్యమనేవారు. పని పూర్తయ్యేసరికి కొందరికి జవాబు దొరికేది, కొందరు అడిగిన సంగతే మరిచిపోయేవారు. జగ్గారావు వేసిన ప్రశ్నను మాత్రం ఆ రోజు అక్కడున్నవాళ్ళెవరూ మరిచిపోలేదు.

"స్వామీ, ఏడాదిగా నీచు ముట్టలేదు. ఇంట్లో ఆ వాసన కూడా రానివ్వలేదు. అయినా నా ఒళ్ళెందుకు తగ్గలేదు?"

ఈ మాట అతను నలుగురి మధ్య, త్రాసు పళ్ళెంలో కూర్చుని అడిగాడు.

ఆ త్రాసు సంగతి కొంచెం చెప్పాలి. అనకాపల్లికి ఎడంగా, శారదా నది ఒడ్డున ఉండే ఆ ఆశ్రమానికి దాన్ని ఒక బెల్లం వర్తకుడు ఇచ్చాడు. మద్ది దూలం, ఇనుప గొలుసులు, మనిషి బాసింపట్టు వేసుకుని కూర్చునేంత పళ్ళేలు. ఇప్పటి కాటాల మీద అంకె మెరిసి ఊరుకుంటుంది. ఆ త్రాసు అలా కాదు, ముల్లు నిలబడేదాకా అందర్నీ ఊపిరి బిగబట్టి నిలబెట్టేది. గురుపౌర్ణమి నాడు స్తోమత ఉన్న శిష్యులు తమ ఎత్తు బెల్లం తూయించి ఆశ్రమం వంటశాలకు ఇచ్చేవారు. తల్లి ఉన్నవాడు తల్లి ఎత్తు కూడా ఇవ్వాలి. అది గురువుగారి గురువుగారి నాటి నియమం.

జగ్గారావుకు మోకాళ్ళు అరిగిపోయాయి. ఒళ్ళు తగ్గించకపోతే మంచం మీంచి లేవడం కష్టమని డాక్టరు కిందటేడు గట్టిగా చెప్పాడు. మాంసం, చేప మానేస్తే మంచులా కరిగిపోతారని ఫోనులో ఎవరో చెప్పగా విన్నాడు. విన్న రోజే ఇంట్లో ఎండుచేపల డబ్బా బయట పారబోయించాడు. "ఒక ఇంట్లో రెండు వంటలేమిటి? నేను మానేశానంటే ఇల్లంతా మానేసినట్టే," అన్నాడు. భార్య పరదేశమ్మ అప్పుడే అంది, "మానేస్తే మానేశారు. మరి పొద్దున్న గారెలు, మధ్యాహ్నం నెయ్యోడుతున్న ముద్దపప్పు, సాయంత్రం బూరెలు. పొయ్యి మీంచి మూకుడు దించనిస్తేనా?"

"శాకాహారమేగా!" అన్నాడు జగ్గారావు, బూరెకు చిల్లుపెట్టి అందులో నెయ్యి పోసుకుంటూ.

అంత నమ్మకంతో వచ్చాడు కాబట్టే ఈసారి తన తూకానికి బెల్లం తగ్గించి తెచ్చాడు. "చూస్తారుగా, ఇదే మిగిలిపోతుంది," అని దారి పొడుగునా చెప్పుకున్నాడు. తల్లి నూకమ్మ కోసం మాత్రం కిందటేడు తెచ్చినంతే తెచ్చాడు. ముసలి ప్రాణం, ఏం మారుతుందిలే అనుకున్నాడు.

అతని తూకానికి తెచ్చిన దిమ్మలన్నీ అవతలి పళ్ళెంలో పెట్టారు. జగ్గారావు కూర్చున్న పళ్ళెం నేల వదల్లేదు.

"ఏం జగ్గన్నా, పళ్ళేనికి గాని జిగురు పూశారా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. జనం గొల్లుమన్నారు. అప్పుడే అతను ఉక్రోషంగా ఆ ప్రశ్న అడిగాడు.

గురువుగారు నవ్వలేదు. ఆయన చూపు జగ్గారావు మీద లేదు, గోడవార కూర్చున్న నూకమ్మ మీద ఉంది.

"దిగు నాయనా. ముందు మీ అమ్మను కూర్చోబెట్టు."

జగ్గారావు దిగి తల్లి చెయ్యి పట్టుకున్నాడు. ఆమె వెండి మురుగు అతని పట్టులోంచి జారి మోచేతి దాకా పోయింది. రెండో చేతి మురుగుకు పాతగుడ్డ చుట్టి ఉంది, ఊడిపోకుండా. అది ఎప్పుడు చుట్టుకుందో అతనికి తెలియదు. పళ్ళెంలోకి సాయం పడదామని చంకల కింద చేతులు వేసి ఎత్తాడు. ఎత్తినవాడు అలాగే నిలబడిపోయాడు. చేతుల్లో ఏమీ ఉన్నట్టు లేదు.

ఆమెను కూర్చోబెట్టి, అవతల అతని బెల్లం దించి ఆమెది పెట్టారు. నూకమ్మ గొలుసులు పట్టుకుని గాల్లోకి లేచిపోయింది. ఒక దిమ్మ తీశారు. ముల్లు కదల్లేదు. ఇంకొకటి తీశారు. ఆమె పైనే ఉంది. తీస్తూనే ఉన్నారు. తీసిన బెల్లం పక్కన కుప్ప పడ్డాక గాని పళ్ళేలు సమం కాలేదు.

"అమ్మా, అన్నం తినట్లేదా నువ్వు?" అన్నాడు జగ్గారావు.

"తింతన్నాను బాబూ. మజ్జిగన్నం తింతన్నాను. పళ్ళా లేవు, ఆ పప్పేమో నా కడుపుకి పడదు. కాసింత ఎండు నెత్తళ్ళ పులుసుంటే ముద్ద దిగేది." తప్పుగా మాట్లాడానేమోనని ఆమె చుట్టూ చూసింది. "నువ్వు నీ ఒంటికోసం నేమం పట్టావు గదా, మజ్జిన నా గోలెందుకని ఊరుకున్నాను."

పరదేశమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్తగారు రోజూ ఆకలి లేదన్నప్పుడల్లా ఆమె నమ్మింది, కంచం తీసేసింది.

"ఆమెను దించి నువ్వు ఎక్కు," అన్నారు గురువుగారు.

"వద్దు స్వామీ."

"ఎక్కు. నీ బెల్లం మళ్ళీ పెట్టించు. దాని మీద మీ అమ్మ తూకంలోంచి తీసిందంతా వెయ్యమను."

వేశారు. జగ్గారావు కూర్చున్న పళ్ళెం నెమ్మదిగా నేల విడిచింది. కాసేపు ఊగింది. ఆగింది. చూస్తే ముల్లు నిలువునా ఉంది. నదిలో ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినిపిస్తోంది.

జగ్గారావు గొలుసులు పట్టుకుని, దిగడం చేతకానివాడిలా గురువుగారి వైపు చూశాడు.

"తగ్గలేదంటావేమిటి నాయనా?" అన్నారు ఆయన. "మీ ఇంట్లో తగ్గింది."