మంచులో మూసిన వాకిలి

ఎవరితోనూ అనలేదు బుజ్జమ్మా, నీతోనే అంటున్నా. వీధి గేటు చప్పుడైతే నాకు భయం. దొంగలొస్తారని కాదు. వచ్చినవాళ్ళు వెనక్కి పోతారేమోనని. సరే, కాళ్ళు దుప్పట్లో పెట్టు. కథ విను.

అనగనగా ఒక ఊరు. ఒక్క రాత్రికే ఊరు. పొద్దుగూకితే లేచేది, తెల్లారితే ఖాళీ. రోము రాజుగారి దండు వానల దేశంలో కొండలెక్కి పోతూ, ఆగిన ప్రతిచోటా కట్టుకునే ఊరు అది.

చుట్టూ కందకం తవ్వేవాళ్ళు. ఆ మట్టీ గడ్డిపెళ్ళలూ లోపలివైపు గట్టుగా పోసేవాళ్ళు. నాలుగు వైపులా వాకిళ్ళు వదిలేవాళ్ళు. శత్రువు సూటిగా దూరకుండా ఒక్కో వాకిలికి ఎదురుగా చిన్న అడ్డుగట్టు. మనవాళ్ళైతే దాన్ని చుట్టి వస్తారు. ఏ కొండ మీదైనా అదే తీరు. కళ్ళు మూసుకున్నా ఎవరి గుడారానికి వాళ్ళు పోవచ్చు.

ఆ దండులో వారో అని ఒక అన్న, సిల్వాను అని ఒక తమ్ముడు. అన్న గట్టు పోస్తాడు. తమ్ముడు గుర్రాలకి గడ్డి కోసుకొస్తాడు.

మొదటిరోజు తమ్ముడు వెలుగుండగానే వచ్చేశాడు. "ఏంటన్నా, ఇంకా తవ్వుతున్నావా? బావి పడేట్టుందే!" అని వెక్కిరించాడు.

రెండోరోజు చీకటి పడి, కాపలా బూర ఊదుతుండగా వచ్చాడు. "నీకోసం చూడలేక చస్తున్నాన్రా" అని అన్న కోప్పడ్డాడు.

మూడోరోజు పొగమంచు దిగింది. చాపిన చెయ్యి కనపడదు. శత్రువులు దగ్గర్లోనే ఉన్నారని కబురు. తమ్ముడు రాలేదు. వారోకి భయమేసింది. అప్పుడేం చేశాడో తెలుసా? అడ్డుగట్టుకని తవ్విన మట్టంతా తెచ్చి వాకిట్లోనే పోసేశాడు. వాకిలి మూసుకుపోయింది. తమ్ముడొస్తే తీద్దాంలే అనుకున్నాడు.

ఆ తర్వాత బయట అడుగుల చప్పుడైంది. కందకం దాకా వచ్చి ఆగింది. శత్రువేమో! వారో పిలవకుండా గట్టు వెనక నక్కాడు. అడుగులు కాసేపు అటూ ఇటూ తచ్చాడి, వెళ్ళిపోయాయి.

తెల్లారి చూస్తే కందకం ఒడ్డున గడ్డిమోపు. సిల్వాను వచ్చాడమ్మా. ఉండాల్సిన చోట వాకిలి లేదు. ఇది మనవాళ్ళది కాదు, శత్రువులదే అనుకుని పోయాడు.

వారో మోకాళ్ళ మీద పడి ఆ మట్టిని గోళ్ళతో లాగేశాడు. అప్పుడు బూర మోగింది. దండు కదిలింది. గుడారాలు పోయాయి, గుర్రాలు పోయాయి. గట్టు మాత్రం గడ్డి కప్పుకుని ఇంకా ఉందట. మూడు వాకిళ్ళు నున్నగా, నాలుగోది వంకరగా.

"తమ్ముడు దొరికాడా అమ్మమ్మా?"

"ఏమోనే, కథలో లేదు. 'సిల్వానూ' అని ఒక్క కేక వేసుంటే, గొంతు గుర్తుపట్టి వచ్చేసేవాడు."

"మరి మన గేటు దాకా ఎవరైనా వచ్చి పోయారా?"

"మీ పిన్ని. తన పెళ్ళి విషయంలో ఇంట్లో గొడవయ్యాక ఇదే మొదటిసారి రావడం. కుక్కలు దూరుతున్నాయని తాతయ్య పెట్టించిన కొత్త గేటూ తాళమూ చూసి, తనకోసమే అనుకుందో ఏమో, నిన్న వెనక్కి పోయిందట. పక్కింటావిడ ఇందాకే చెప్పింది."

"ఫోన్ చేస్తే తిడుతుందేమో!"

"తిట్టనీ. గొంతైనా వింటాను. ఆ ఫోనిటు ఇచ్చి కళ్ళు మూసుకో."

కథ వెళ్ళె కంచికి, మంచు వెళ్ళె కొండకి,
నువ్వు వెళ్ళు నిద్రకి, నా పిలుపు నా పిల్లకి.