పీకినా చావని గంగవాయిలి

ఒకప్పుడు గంగవాయిలి, అదే గంగపాయల కూర, ఇప్పటిలా నేల మీద పరుచుకుని ఉండేది కాదు. గోంగూర మొక్కలాగా నిటారుగా, సన్నటి కాడతో, పల్చటి ఆకులతో నిలబడేది. గాలి వీస్తే ఊగేది. పొద్దున పీకితే మధ్యాహ్నానికల్లా వాడి చచ్చేది. ఇప్పుడు దాని మొండితనం చూసినవాళ్లెవరూ ఈ మాట నమ్మరు. మీరూ నమ్మకపోతే పోనీ, కథయితే వినండి.

ఆ రోజుల్లో ఒక వాగు ఒడ్డున పది ఇళ్లవాళ్లకు కూరగాయల మళ్లు ఉండేవి. ఇంటికొక మడి. మడికీ మడికీ మధ్య సన్నటి బాట. నల్లరేగడి నేల కదా, వానొస్తే కాలు దిగబడిపోయేది. అందుకని అందరూ కలిసి వాగులోని గులకరాళ్లు గంపలతో మోసుకొచ్చి బాటలన్నిటి మీదా పరిచారు.

బాట అందరిదీ. మరి అందరి పని అంటే ఎవరూ చెయ్యరు. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఎవరి మడి పక్క బాటలో వాళ్లే కలుపు తియ్యాలి. వానాకాలం మొదలయ్యే మిరుగు రోజున ఊరిపెద్ద ఓదెలు వచ్చి చూస్తాడు. బాట మీద పచ్చగా ఒక్క కలుపు మొక్క కనిపించినా ఆ మడి ఇంకొకరికి పోతుంది.

చివరి మడి కొంరవ్వది. ఒంటరి మనిషి. మోకాళ్ల నొప్పులు. నోరు మాత్రం గట్టిది. ఆ మడి అంటే ఆమెకు ప్రాణం. వంకాయలతో మాట్లాడేది, బీరతీగను తిట్టేది, మిరపమొక్కలకు దిష్టి తీసేది. ఆ మడే పోతే పొద్దున్నే లేచి ఎవరిని తిట్టాలి?

మిరుగు ఇంకా పదిహేను రోజులుందనగా కొంరవ్వ పీట పట్టుకుని బాట మీద కూర్చుంది. కొడవలి మొనతో రాళ్ల సందుల్లోంచి గరికను లాగింది, ఉత్తరేణిని లాగింది. పీకినవాటిని అక్కడే రాళ్ల మీద పడేసింది. ఎత్తి దూరంగా పారబోయాలంటే లేవాలి కదా! "ఎండకు అవే చస్తయ్ తియ్" అనుకుంది.

పీట జరుపుకుంటూ జరుపుకుంటూ గంగవాయిలి దగ్గరికొచ్చింది.

"అవ్వా, అవ్వా! నన్ను పీకకే!" అంది గంగవాయిలి.

"ఎందుకు పీకొద్దు? నువ్వేమన్న నా బిడ్డవా?"

"మళ్లల్ల మొలిస్తె కలుపన్నరు. బాట మీదికొస్తె ఈడ గూడ కలుపంటున్రు. నేనేడ బతకాలె అవ్వా?"

కొంరవ్వ చెయ్యి ఆగింది. జాలేసింది కూడా. కానీ మడి గుర్తొచ్చింది.

"నువ్వుంటె నా మడి పోతది. నేనేం జెయ్యాలె?" అని లాగి పడేసింది.

రాళ్లు పెనంలా కాలుతున్నాయి. గంగవాయిలి కాడ కమిలి ఎర్రబడింది. పైనుంచి సూర్యుడు చూసి, "మధ్యాహ్నం దాకా కూడా ఉండవు నువ్వు" అన్నాడు.

దాని కింద ఉన్న గులకరాయి మెల్లగా అంది: "పిచ్చిదానా, తలెత్తుకుని నిలబడితే ఎండా నీకే తగులుతుంది, కొడవలీ నీకే తగులుతుంది. నాలాగా పడుకో. నా కింద కాస్త చల్లగా ఉంది. వేరును అటు పంపు."

"వేరు ఊడిపోయింది కదా!"

"ఇంకోటి వేసుకో. ఎవరొద్దన్నారు?"

గంగవాయిలికి ఇంతవరకూ ఆ ఆలోచనే రాలేదు.

సాయంత్రం కొంరవ్వ ఇంటికి పోతూ, సొరబుర్రలో మిగిలిన నీళ్లతో ఆ బాట మీదే కాళ్లు కడుక్కుంది. ఆ నీళ్లు గంగవాయిలి గుటగుటా తాగింది. మళ్లీ దొరుకుతాయో లేదోనని ఆకుల నిండా దాచుకుంది. పల్చటి ఆకులు చంటిపిల్ల బుగ్గల్లా ఉబ్బాయి. మర్నాడూ కొంరవ్వ కాళ్లు కడుక్కుంది, మర్నాడూ గంగవాయిలి తాగింది. మూడో రోజుకు రాయి కిందికి కొత్త వేరు దిగింది.

"ఓసి నీ మొండితనం పాడుగాను!" అని కొంరవ్వ మళ్లీ పీకి ఇటు పక్కకు పడేసింది. ఇక్కడా వేరు వేసింది. ఇంకోసారి పీకితే నాలుగు ముక్కలైంది. నాలుగు ముక్కలూ బతికాయి. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. ఇక మొండి మొక్క సంగతి ఏం చెప్పాలి!

మిరుగు వచ్చింది. వాన మాత్రం రాలేదు. వాగు ఎండింది. పది మళ్లూ ఎండాయి. బీరతీగ ఎండి తాడులా తయారైంది. ఊళ్లో అందరికీ రోజూ ఉత్త పప్పే. అటు చివర నుంచి ఓదెలు బాటలు చూసుకుంటూ వస్తున్నాడు. తొమ్మిది బాటల మీద పచ్చటి ఆకు లేదు. కలుపు కూడా ఎండిపోయింది మరి!

కొంరవ్వ తన బాట చూసుకుంది. ఈ చివర నుంచి ఆ చివరకు పచ్చగా గంగవాయిలి. ఎన్నని పీకుతుంది? అంతలో ఓదెలు రానే వస్తాడు. మడి పోయినట్టే. ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే కోపమొచ్చింది.

"నా మడిని మింగుతవానే? నేనే నిన్ను మింగుత!" అని పిడికెడు తుంచి నోట్లో కుక్కుకుని కసకసా నమిలింది.

నమిలి ఆగింది. మళ్లీ నమిలింది. పుల్లపుల్లగా, కమ్మగా, నోరంతా నీరూరింది.

ఇక చూడాలి ఆమె హడావిడి! మోకాళ్ల నొప్పులు ఎక్కడికి పోయాయో. గంపెడు కోసింది. మూడు రాళ్లు పెట్టి మంట చేసి, మధ్యాహ్నానికని జొన్నరొట్టెల్లోకి తెచ్చుకున్న పప్పులో వేసి ఉడికించింది.

ఓదెలు వచ్చాడు. "అక్కా, బాట నిండ కలుపే! కట్టుబాటు నీకెరుకే గద. మడి ఇడువాలె."

"కలుపేడిది తమ్మీ? అది నా కూర."

"బాట మీద కూరనా?"

"మళ్లల్లవన్ని ఎండిపాయె. ఇదొక్కటే బతికింది. ముందుగాల కూసొని తిను. తిన్నంక నా మడి గుంజుకో."

ఓదెలు జొన్నరొట్టె తుంచి, పప్పులో అద్ది తిన్నాడు. ఒక రొట్టె అయింది. రెండో రొట్టె అయింది. వాసనకు మిగతా తొమ్మిది ఇళ్లవాళ్లూ చుట్టూ చేరారు. ఓదెలు వేళ్లు నాకి, "ఇంకింత ఉన్నదా అక్కా?" అన్నాడు.

"కుండల అయిపోయింది. కలుపు పీకితె శాన ఉన్నది," అంది కొంరవ్వ.

అందరూ గొల్లున నవ్వారు. ఓదెలు కూడా నవ్వి, లేచి నిలబడి, "ఇగ ఇనుండ్రి! కుండలకు పోయేది కలుపు గాదు. అక్క మడి అక్కదే," అన్నాడు.

ఆ పూట పది ఇళ్లవాళ్లూ బాట మీద గొంతుక్కూర్చుని గంగవాయిలి కోసుకున్నారు. అందరూ వెళ్లాక కొంరవ్వ దాని పక్కన చతికిలబడింది. ఆమె కడుపు నిండుగా ఉంది, మనసూ నిండుగా ఉంది.

"ఇగ నీకు భయం లేదు. లేచి నిలబడరాదే," అంది.

"పండుడు అలవాటైంది అవ్వా. లెవ్వబుద్ధి అయితలేదు," అంది గంగవాయిలి.

అప్పటినుంచే గంగవాయిలి నేలను కరుచుకుని పాకుతుంది. కమిలిన కాడ ఎర్రగానే ఉంటుంది. ఆకులు నీళ్లు దాచుకుని ఉబ్బే ఉంటాయి. పీకి రాళ్ల మీద పడేస్తే నాలుగు రోజుల్లో మళ్లీ వేరు వేస్తుంది. బాట మీద దాన్ని లేకుండా చెయ్యడానికి నేటికీ ఒక్కటే ఉపాయం: పీకి, కడిగి, పప్పులో వేసుకోవడం.